కొత్తనీటి ఆదివారం

పాస్టరుగారు నా కళ్ళముందే మాయమైపోయారు.

పాట సగంలో ఉంది. గట్టు మీద అందరం చప్పట్లు కొడుతున్నాం. కాలువలో నడుంలోతు నీళ్ళలో నిలబడి, నా మనవరాలి చెయ్యి పట్టుకుని ఉన్న మనిషి ఒక్క అడుగు వెనక్కి వేశారు. అంతే. ఆయనా లేరు, నా మనవరాలూ లేదు. ఎర్రటి నీళ్ళ మీద ఆయన చేతిలోని తెల్ల జేబురుమాలు ఒక్కటి తేలుతూ పోతోంది. తొంభయ్యారు తుఫానులో మా ఇంటి కప్పు పక్కవీధిలోకి ఎగిరిపోతుంటే చూసినదాన్ని నేను. అప్పుడు కూడా నోరు పెగిలింది, కేకలు వేశాను. ఈసారి మాత్రం గొంతు రాలేదు. చేతులు మాత్రం తమ మానాన తాము చప్పట్లు కొడుతూనే ఉన్నాయి. 

ఉండండి, ఇలా మధ్యలో చెబితే మీకేం తెలుస్తుంది? మొదటి నుంచి చెబుతాను.

పాలకొల్లులో ఆటో ఎక్కితే టీ చల్లారేలోగా మా ఊళ్ళో దిగొచ్చు. కాలువ గట్టునే ఊరు, గట్టునే మా చర్చి. మాది బాప్టిస్టు సంఘం. చంటిబిడ్డల తల మీద నీళ్ళు చిలకరించే పద్ధతి మాకు లేదు. పెరిగి పెద్దయ్యాక, విశ్వసించానని నలుగురి ముందు తన నోటితో తనే ఒప్పుకుని, నిండా నీళ్ళలో మునిగి లేవాలి. అదే బాప్తిస్మం. అది పుచ్చుకోనివాళ్ళకి బల్ల ఉండదు. అంటే, నెలకొకసారి ప్రభువును తలుచుకుని అందరికీ పంచే రొట్టె, ద్రాక్షరసం వాళ్ళ ముందు నుంచి పక్కవాళ్ళకి వెళ్ళిపోతాయి.

వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలాక వచ్చే మొదటి ఆదివారం చర్చి ముందున్న రేవులో బాప్తిస్మాలు పెడతారు. మా అత్తగారు మునిగింది అక్కడే, నేను మునిగింది అక్కడే. దాన్ని మేం కొత్తనీటి ఆదివారం అంటాం.

మా వినీల మాత్రం ఇరవై దాటినా మునగలేదు.

వినీల నా కొడుకు సుకుమార్ కూతురు. పాలకొల్లులో ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆదివారం మా చర్చిలో సండే స్కూలు చెబుతుంది. అది చెప్పే కథలు వినడానికి పిల్లలు మొహం కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొస్తారు. అదే పిల్ల, చిన్నప్పుడు ఆ రేవులోనే కాలుజారి గుర్రపుడెక్క కిందికి పోయింది. వాళ్ళ నాన్న దూకి జుట్టు పట్టి లాగాడు. ప్రాణం నిలిచింది కానీ భయం పోలేదు. స్నానం చేసేటప్పుడు నెత్తిన నీళ్ళు పోసుకోదు, గుడ్డ తడిపి తుడుచుకుంటుంది. రాజమండ్రి వెళ్ళేటప్పుడు గోదావరి బ్రిడ్జి వచ్చిందంటే కళ్ళు మూసుకుని నా కొంగు పట్టుకుంటుంది. కిందటేడు, ముందటేడు కూడా తెల్లచీర కట్టుకుని రేవు దాకా వచ్చింది. మోకాలి లోతుకు రాగానే పళ్ళు టకటకా కొట్టుకోవడం, వెనక్కి తిరిగి ఇంటికి పరుగెత్తడం.

ఈ సంవత్సరం మే నెలలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక చర్చి వరండాలో అబ్రహాము గారు దాన్ని పట్టుకున్నారు. ఆయన మా సంఘపెద్ద. గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు కానీ సంఘాన్ని ఇంకా ఆఫీసు లాగే నడుపుతారు.

"ఏమ్మా వినీలా, ఈసారైనా చీర తడుస్తుందా, పొడిచీరతోనే ఇంటికెళ్తావా?"

వినీల తల వంచుకుంది. "తాతగారూ, పాలకొల్లు చర్చిలో తొట్టి ఉందటండీ. అందులోనైతే నేను..."

"తొట్టిలో నానబెట్టడానికి నువ్వేమన్నా మినప్పప్పువా?"

వరండా అంతా నవ్వింది. నవ్వు ఆగాక ఆయన గొంతు మార్చారు. "భయం ఉన్నచోట విశ్వాసం ఉండదమ్మా. విశ్వాసం లేని పిల్ల మన పిల్లలకి దేవుడి మాటలు చెప్పడమేంటి? కొత్తనీటి ఆదివారం నాడు మునిగావా, సరే. లేదంటే సండే స్కూలు వేరేవాళ్ళకి అప్పజెప్తాం. ఏమంటారు అయ్యగారూ?"

అయ్యగారంటే మా పాస్టరు ప్రసన్నకుమార్ గారు. రాజమండ్రి మనిషి, మా ఊరు వచ్చి ఏడాది కాలేదు. "నెమ్మదిగా చూద్దామండీ అబ్రహాము గారూ," అని గొణిగి చెమట తుడుచుకున్నారు.

నాకు మండుకొచ్చింది. "అబ్రహాము గారూ, మీకు బల్లి అంటే భయమని ఊరంతా తెలుసు. మరి బల్లి కనబడ్డప్పుడు మీ విశ్వాసం ఏ మంచం కింద దాక్కుంటుందండీ?"

"వదినగారూ, మీరు ప్రతిదానికీ..."

"మామ్మా, ఊరుకో," అంది వినీల. నా చెయ్యి పట్టి ఇంటిదారి పట్టించింది.

ఇంటికొచ్చి అన్నం కలుపుకుని, కలిపింది కలిపినట్టే కంచంలో ఉంచేసింది. "ఆయనన్నది నిజమేనేమో మామ్మా. ప్రభువు చెయ్యి పట్టుకుంటాడని పిల్లలకి చెప్తున్నాను. నేను మాత్రం చెంబుడు నీళ్ళు నెత్తిన పోసుకోలేను. వాళ్ళకి అబద్ధాలు చెప్తున్నానేమో. నాలో ఏమీ లేదేమో."

ఆ మాట నన్ను కోసేసింది. ఎవరో ఎగతాళి చేశారని ఏడిస్తే ఓదార్చవచ్చు. తన మీద తనకే నమ్మకం పోయిన పిల్లని ఏం పెట్టి ఓదార్చను?

"చూడవే," అన్నాను. "మీ తాత కన్నుమూసిన ఏడాది నేను ప్రతిరోజూ భయపడ్డాను. పొయ్యి వెలిగించాలన్నా భయమే, తలుపు గడియ పెట్టుకోవాలన్నా భయమే. భయపడుతూనే ప్రార్థన చేసుకున్నాను, భయపడుతూనే నాట్లకి వెళ్ళాను. ప్రభువు ఒక్కరోజు కూడా 'ముందు భయం వదిలేసి రా, అప్పుడు మాట్లాడదాం' అనలేదు నాతో."

"మరి నేనేం చెయ్యను?"

"గోలెంలో తల పెట్టు."

మా పెరట్లో సిమెంటు గోలెం ఉంది, గేదెకు కుడితి కలిపేది. దాన్ని తోమి, మంచినీళ్ళు నింపాను. వినీల దాని అంచు పట్టుకుని నిలబడిపోయింది. సరే, ముందు నేను చూపిస్తానని ముడి విప్పి, ఊపిరి బిగబట్టి తల లోపల పెట్టాను. సరిగ్గా అప్పుడే మా కోడలు అంట్లు తోముకోవడానికి పెరట్లోకి వచ్చింది. అత్తగారు గోలెంలో తల పెట్టి కదలకుండా ఉండటం చూసి, "అయ్యో, అత్తయ్యగారు చచ్చిపోతున్నారు!" అని గిన్నెలు జారవిడిచి నా నడుం పట్టుకుని లాగింది. ఇద్దరం వెనక్కి పడ్డాం. వినీల నవ్వలేక చచ్చింది. ఆ నవ్వులోనే వెళ్ళి మొహం నీళ్ళలో పెట్టేసింది. వెంటనే తీసేసిందనుకోండి. కానీ పెట్టింది.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం అదే పని. అది నీళ్ళలో తల పెట్టేది, నేను పక్కన నిలబడి గట్టిగా ప్రార్థన చేసేదాన్ని. "ప్రభువా, దీని చెయ్యి వదలకు, దీని చెయ్యి వదలకు" అని. మొదట్లో రెండో మాటకే పైకి లేచేది. రానురాను నేను ఊళ్ళో వాళ్ళందరి కోసం ప్రార్థన చేసి, ఆఖరికి అబ్రహాము గారి మోకాళ్ళ నొప్పుల దాకా వచ్చేవరకూ లోపలే ఉండేది. ఉన్నంతసేపూ వణికేది. వణుకు మాత్రం ఒక్కరోజు కూడా తగ్గలేదు.

కొత్తనీటి ఆదివారం వచ్చింది. ఈ యేడు బాప్తిస్మానికి ముగ్గురు. వినీల, ఒక కుర్రాడు, అబ్రహాము గారి చిన్నకోడలు రమ్యశ్రీ. ఆ అమ్మాయి పుట్టింటివాళ్ళు లూథరన్లు, పసితనంలోనే తల మీద నీళ్ళు పోశారు. మా సంఘంలోకి వచ్చింది గనక నిండా మునగాల్సిందేనని మావగారి పట్టుదల. వినీలని ముందు దింపమన్నదీ ఆయనే. "ఆ పిల్ల వంతు వచ్చేదాకా ఆగితే మళ్ళీ పారిపోతుంది," అన్నారు, అందరికీ వినబడేలాగ.

వినీల రేవు మెట్లు దిగింది. పళ్ళు కొట్టుకుంటున్నాయి. పై మెట్టు మీద నిలబడ్డ నాకే ఆ చప్పుడు వినబడింది. మోకాలి లోతు వచ్చింది. ఆగింది. గట్టు మీద ఎవరో "ఇదిగో, ఇక పరుగు" అన్నారు. అది వెనక్కి చూడలేదు. తొడల లోతు. నడుం లోతు. అయ్యగారు అడిగినవాటికి జవాబులు చెప్పింది. గొంతు వణికింది కానీ ప్రతి మాటా గట్టిగా చెప్పింది. నా కళ్ళ నీళ్ళు ఆగలేదు. గట్టు మీద పాట ఎత్తుకున్నారు, అందరం చప్పట్లు అందుకున్నాం. ఆయన ఒక చేత్తో దాని చెయ్యి పట్టుకుని, దాన్ని వెనక్కి వాల్చడానికి చోటు చాలదని ఒక్క అడుగు వెనక్కి వేశారు.

అప్పుడే, మొదట చెప్పానే, ఆ సంగతి జరిగింది.

ముందు సుకుమార్ కదిలాడు. "అమ్మా!" అని కూతుర్ని పిలుస్తూ మెట్ల మీద పరుగెత్తి, పాచి మీద జారి నడుం మీద పడ్డాడు. రేవు పక్కనే పెదబాబు పడవ కట్టి ఉంది. పెదబాబు చేపలు పట్టుకునే మనిషి, మా పాటలు వింటూ వల బాగుచేసుకుంటున్నాడు. అతను పడవ గెడ ఎత్తి, జేబురుమాలు తేలినచోట నీళ్ళలో పెట్టాడు.

నీళ్ళు సుళ్ళు తిరిగాయి. ఒక చెయ్యి పైకి వచ్చింది. ఎర్రగాజులు చూసి గుర్తుపట్టాను. ఆ చెయ్యి గాల్లో తడిమి, గెడ దొరకబుచ్చుకుంది. తల వచ్చింది. బురద, జుట్టు, తెరుచుకున్న నోరు.

"రెండో చెయ్యి ఇవ్వమ్మా!" అని పెదబాబు అరిచాడు.

ఇవ్వలేదు. రెండో చెయ్యి నీళ్ళలోనే ఉంచింది. "చెయ్యి తియ్యవే, తియ్యవే!" అని నేను గుండెలు బాదుకుంటున్నాను. అది పళ్ళు బిగించి, మొహం పక్కకు తిప్పి, నీళ్ళలోంచి ఏదో లాగుతోంది. పెదబాబు గెడ లాగాడు. అది లాగింది. దాని పిడికిట్లో అయ్యగారి చొక్కా కాలరు, ఆ వెనకాల అయ్యగారు.

ఇద్దర్నీ మెట్ల మీదికి తెచ్చి పడేశారు. ఆయన కక్కారు, దగ్గారు, మళ్ళీ కక్కారు. కళ్ళజోడు లేదు, ఒక చెప్పు లేదు. వినీల మెట్టు మీద కూర్చుని తన చేతుల్ని ఎవరివో చూసినట్టు చూసుకుంటోంది.

"మామ్మా, కింద నేల లేదు," అంది. "ఆయన నన్ను వదలట్లేదు. నేను గింజుకుంటే ఇద్దరం పోతామనిపించింది. ప్రభువా అనుకున్నాను. అంతే, ఇంకేం రాలేదు మనసులోకి. కాళ్ళకి అడుగు తగిలింది. తన్నాను."

పెదబాబు గెడతో అక్కడ లోతు చూశాడు. గెడ సగానికి పైగా దిగిపోయింది. "ఇదేంటండీ బాబూ, ఇక్కడ ఇంత గొయ్యేంటి? రేవు పక్కన ఎవరు తవ్వారు?"

అందరం ఒకేసారి వెనక్కి తిరిగి చర్చి ఆవరణ కేసి చూశాం. వానకి నీళ్ళు నిలుస్తున్నాయని, ఏప్రిల్లో కాలువ ఎండినప్పుడు, పొక్లెయినర్ పెట్టించి, ఆవరణంతా మెరక వేయించింది మా సంఘమే. మట్టి బాగుంది, జిగురుగా ఉంది అని మెచ్చుకుంటూ తొక్కి చదును చేసింది మేమందరమే. ఆ మట్టి రేవు పక్కన కాలువలోంచే తీస్తే పని త్వరగా అవుతుందని దగ్గరుండి తవ్వించింది అబ్రహాము గారు. తీరా నీళ్ళొచ్చి గొయ్యి కప్పేస్తే, ఒక్కరంటే ఒక్కరికి గుర్తు రాలేదు. మట్టి తెచ్చుకున్నచోటికే మనుషుల్ని ముంచడానికి దింపాం చూడండి! ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

అబ్రహాము గారి మొహం సున్నం వేసినట్టయింది.  అయినా పెద్దరికం ఊరుకోనిస్తుందా? "సరే, ప్రభువు కాపాడాడు. కానీ... తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అనే మూడు నామాలు పలకలేదు. కాబట్టి ఇది బాప్తిస్మం కింద చెల్లదు," అన్నారు.

"నిండా మునిగింది కదండీ!" అన్నారు ఎవరో.

"మునిగితే సరా? అలాగైతే పెదబాబు రోజూ మునుగుతాడు."

"నన్నెందుకు లాగుతారండీ మధ్యలో," అన్నాడు పెదబాబు.

"అయ్యగారు కూడా మునిగారు కదా," అన్నాను నేను. కాళ్ళు వణుకుతున్నా నా నోరు వణకలేదు. "మరి ఆయనకి ఎవరిచ్చారంటారు?"

ఒకరిద్దరు నవ్వబోయి, ఆపుకున్నారు. అప్పుడు అయ్యగారు చెయ్యి ఎత్తారు.

"అబ్రహాము గారన్నది నిజమే, నామాలు పలకలేదు. ఇవాళ్టికి ఆపేద్దాం. వచ్చే వారం పాలకొల్లు తొట్టిలో..." చొక్కా అంచు పిండుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. "మీకు ఒక మాట చెప్పాలి. నాకు ఈత రాదు. నీళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. బాప్తిస్మాలిచ్చిన ప్రతిసారీ ముందురోజు అన్నం తినలేను. ఆ వేళ వరండాలో వినీలని అందరూ అంటుంటే నేను నోరెత్తలేదు. ఎత్తితే నా సంగతి తెలిసిపోతుందని."

మా అందరికీ నోళ్ళు తెరుచుకుపోయాయి. నీళ్ళలో దింపేవాడికే నీళ్ళంటే భయమా? మేం ఇన్ని నెలలుగా ఆయన వెనకాల నిలబడి ఎంత ధైర్యంగా పాటలు పాడాం!

అబ్రహాము గారు దగ్గి, వినీల వైపు చూడకుండానే అన్నారు. "ఇంటికెళ్ళమ్మా. సండే స్కూలు నువ్వే చెప్పుకో. ఎవరూ ఏమీ అనరు."

అయిపోయింది అనుకున్నాను. దానికి కావలసింది దక్కింది, ఎగతాళి చేసిన నోటితోనే దక్కింది. తువ్వాలు తీసి దాని తల తుడవబోయాను. అది నా చెయ్యి పక్కకు పెట్టింది.

"నేను వచ్చింది సండే స్కూలు కోసం కాదు తాతగారూ," అంది. పళ్ళు ఇంకా టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. "బాప్తిస్మం కోసం వచ్చాను. అది ఇంకా అవ్వలేదని మీరే అన్నారు కదండీ. అయ్యగారూ, రండి. ఇద్దరం భయపడుతూనే దిగుదాం."

నేనే అడ్డం పడ్డాను. "నీకు మతిపోయిందా? ఇప్పుడేగా చావు తప్పించుకున్నావు!" విశ్వాసం గురించి దానికి అన్ని మాటలు చెప్పిన మామ్మని నేనే. ఆ మెట్టు మీద దాని కొంగు పట్టుకుని వెనక్కి లాగింది కూడా నేనే. అది నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. కోపంగా కాదు. పిల్లల వేళ్ళు పట్టి అక్షరాలు దిద్దించేటప్పుడు ఎలా పట్టుకుంటుందో అలాగ.

పెదబాబు రేవు అవతలి పక్క గెడతో పొడిచి చూసి, "ఇక్కడ గట్టిగా ఉందండీ," అన్నాడు. అయ్యగారి నడుముకు పడవ తాడు కట్టారు. తాడు కొస సుకుమార్ పట్టుకోబోతే, అబ్రహాము గారు లాక్కుని తన చేతికి చుట్టుకున్నారు. ఎంత బిగించారంటే, "కాస్త వదలండి అబ్రహాము గారూ, ఊపిరాడట్లేదు," అన్నారు అయ్యగారు నీళ్ళలోంచి.

ఈసారి పాట ఎత్తుకునే ధైర్యం ఎవరికీ లేదు. నిశ్శబ్దంలోనే దిగారు. వినీల ముందు, ఆయన వెనక. నడుంలోతుకు వచ్చాక అది కాలితో నేల తడిమి చూసుకుని, తల ఊపింది. ఆయన మూడు నామాలూ పలికారు. వెనక్కి వాల్చారు. నీళ్ళు దాని మొహం మీదికి వచ్చి కలుసుకున్నాయి.

లేచింది.

లేచి మొహం తుడుచుకోలేదు. ఆకాశం కేసి చూసి, నోటితో గట్టిగా గాలి పీల్చుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. గట్టు మీద ఏడవనివాళ్ళు లేరు. నేను మెట్టు మీద కూలబడి, స్తోత్రం, స్తోత్రం అంటున్నాను, అంటున్నట్టు నాకే తెలియకుండా.

తర్వాతి వంతు రమ్యశ్రీది, ఆ కుర్రాడిది ఆఖర్న. చూస్తే ఆ పిల్ల లేదు! గట్టెక్కి, మావగారి వెనకాల చర్చి గోడకి ఆనుకుని, తెల్లచీర గుప్పిట్లో పట్టుకుని వణికిపోతోంది. "నా వల్ల కాదు మావయ్యగారూ. నేను చూశాను. నా వల్ల కాదు."

అందరూ అబ్రహాము గారి కేసి చూశారు. భయం గురించీ విశ్వాసం గురించీ ఆయన ఏమంటారో అందరికీ తెలుసు. నా నాలుక చివరికి ఒక మాట వచ్చేసింది కూడా. ఎలా వచ్చిందో అలాగే మింగేశాను. ఆయన తాడు కేసి చూసుకున్నారు. మెల్లగా, "నీ ఇష్టం తల్లీ. ఇవాళ కాకపోతే మరో రోజు," అన్నారు. ఆ మనిషి నోటివెంట ఆ మాట వినడం, పాస్టరుగారు మాయమవడం కంటే నాకు పెద్ద వింత.

వినీల నీళ్ళలోంచి బయటికి రాలేదు. మెట్ల దగ్గరికి నడిచి వచ్చి, అక్కడే నడుంలోతులో నిలబడి, చెయ్యి చాపింది. చెయ్యి వణుకుతోంది, గాజులు గలగలమంటున్నాయి.

"పిన్నీ, భయంగా ఉందా?"

రమ్యశ్రీ తల ఊపింది.

"నాకూ ఉంది. ఎవరూ తిట్టరు లెండి. రావాలనిపిస్తే రండి. నేనిక్కడే నిలబడతాను."

నిలబడింది. మేం అందరం గట్టు మీద, అది నీళ్ళలో. చాలాసేపయింది. అయ్యగారు చలికి వణుకుతున్నారు, అయినా ఆయనా పైకి రాలేదు. ఆఖరికి రమ్యశ్రీ గోడ వదిలి, ఒక మెట్టు దిగింది. ఆగింది. ఇంకో మెట్టు దిగింది. అబ్రహాము గారు తాడు ఇంకొంచెం వదిలారు.